వడ్లతో ఇంట్లోనే సైన్సు: కోడిగుడ్డు నుంచి సున్నపు తేట దాకా ఎలా చేయాలి?

స్వాతి కార్తె దగ్గర పడితే నెల్లూరు జిల్లా కోవూరు, అల్లూరు, విడవలూరు వైపు చాలా ఇళ్ల వసారాల్లో తడి గోనెసంచుల కింద మండె కట్టిన వడ్లు, అంటే మొలకెత్తడానికి నానబెట్టి మూటకట్టిన వడ్లు ఉంటాయి. ఆ ఇళ్ల పిల్లలే బడికి వచ్చి శ్వాసక్రియ నిర్వచనాన్ని బట్టీ పడతారు. ఆ పాఠమంతా వాళ్ల వసారాలోనే, ఆ గోనె కింద జరుగుతోందని వాళ్లకు ఎవరూ చూపించరు. సైన్సు చెప్పేదాన్ని కాబట్టి నాకు ఇది చాలా బాధగా ఉంటుంది. విత్తనం బతికి ఉన్న ప్రాణి. ఆ సంగతి పిల్లలు కళ్లతో చూడాలి, చేత్తో తాకాలి. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలున్న ఏ ఇంట్లోనైనా ఇది చేయొచ్చు, పొలం లేకపోయినా ఫర్వాలేదు.

కావాల్సినవి

అర కిలో వడ్లు, అర కిలో కల్లుప్పు, ఒక తాజా కోడిగుడ్డు, కొంచెం తడి సున్నం, గట్టి మూతలున్న రెండు గాజు సీసాలు, పాత నూలు గుడ్డ, చిన్న గోనెముక్క. చివర్లో వాడడానికి టింక్చర్ అయోడిన్ గానీ బెటాడిన్ గానీ నాలుగు చుక్కలు.

వడ్ల విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. విత్తనాల దుకాణంలో కొన్న బస్తాలో గింజలకు రంగు అంటి ఉంటే, వాటికి తెగులు మందు పట్టించారని అర్థం. వాటిని పిల్లల చేతికి ఇవ్వొద్దు. రైతు ఇంట్లో నిల్వ ఉన్న మామూలు వడ్లే తీసుకోండి. వడ్లు దొరకలేదని బియ్యం నానబెడితే మొలకలు రావు. బియ్యపు గింజను దగ్గరగా చూడండి, ఒక కొనలో చిన్న నొక్కు ఉంటుంది. పిండం ఉండే చోటు అదే. మిల్లులో పాలిష్ పట్టేటప్పుడు అది రాలిపోతుంది.

మొదటి మెట్టు: గుడ్డు తేలేదాకా ఉప్పు

బకెట్‌లో మూడు లీటర్ల నీళ్లు పోసి గుడ్డును మెల్లగా వదలండి. మునుగుతుంది. ఇప్పుడు గుప్పెడు గుప్పెడుగా ఉప్పు వేస్తూ, ప్రతిసారీ పూర్తిగా కరిగేదాకా కలపండి. గుడ్డు పైకి తేలి, నీటి పైన రూపాయి బిళ్లంత భాగం కనిపించగానే ఉప్పు ఆపేయండి. లీటరుకు సుమారు 150 గ్రాములు పడుతుంది. కల్లుప్పులో తేమ ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది కాబట్టి తూకం కన్నా గుడ్డు చెప్పిందే నమ్మాలి.

ఇస్కపల్లి వైపు ఉప్పు మడులు చూసిన పిల్లలు ఇక్కడ ఒక ప్రశ్న అడుగుతారు: సముద్రపు నీళ్లలో గుడ్డు తేలుతుందా? తేలదు. సముద్రపు నీళ్లలో సగటున లీటరుకు 35 గ్రాముల ఉప్పే ఉంటుంది, గుడ్డును లేపడానికి అది చాలదు. మైపాడు వెళ్లినప్పుడు ఒక సీసాడు నీళ్లు తెచ్చుకుని మీరే చూడొచ్చు. మన బకెట్‌లోని నీళ్లు సముద్రం కన్నా నాలుగు రెట్లు ఉప్పన. సాంద్రత అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఒకసారి మా తరగతిలో ఉప్పు వేయకముందే గుడ్డు తేలిపోయింది. పిల్లలు నిరాశపడ్డారు కానీ, ఆ రోజు మంచి పాఠం చెప్పింది ఆ గుడ్డే. పెంకుకు కంటికి కనిపించని రంధ్రాలు ఉంటాయి. రోజులు గడిచేకొద్దీ లోపలి నీరు ఆవిరై బయటికి పోతుంది, గాలి గది పెద్దదవుతుంది. అందుకే పాత గుడ్డు మంచినీళ్లలోనే తేలుతుంది. ఈ పనికి తాజా గుడ్డే కావాలి.

గుడ్డు తీసేసి వడ్లు పోసి కలపండి. తాలు, సగం నిండిన గింజలు పైకి వస్తాయి, గట్టివి అడుగుకు చేరతాయి. పైవాటిని జల్లెడతో తీసేయండి. మంచినీళ్లతో కడిగి ఆరబోస్తే కోళ్లకు పనికొస్తాయి.

రెండో మెట్టు: కడగడం

అడుగున మిగిలిన గింజల్ని వెంటనే మూడుసార్లు మంచినీళ్లతో కడగాలి. ఎందుకు కడగాలో మాటల్లో చెప్పకండి, చూపించండి. ఇరవై గింజల్ని కడగకుండా అదే ఉప్పునీళ్లతో తడిపిన గుడ్డలో మూటకట్టండి. ఇంకో ఇరవై మంచినీళ్లతో తడిపిన గుడ్డలో కట్టండి. నాలుగు రోజుల తర్వాత విప్పితే మంచినీళ్ల మూటలో మొలకలు, ఉప్పు మూటలో ఎప్పటిలాగే గింజలు.

మాగాయకు ఉప్పు పట్టించిన మామిడి ముక్కలు తెల్లారేసరికి ఊట వదులుతాయి కదా, కారణం అదే. బయట ఉప్పు ఎక్కువైతే నీరు లోపలికి పోదు, పైగా లోపలి నీరే బయటికి వస్తుంది. దీన్నే ద్రవాభిసరణం అంటారు. రొయ్యల గుంటల పక్కన చౌడు పట్టిన కయ్యల్లో నారు ఎందుకు లేవదో పిల్లలకు ఇక్కడే అర్థమవుతుంది.

మూడో మెట్టు: వంద గింజల లెక్క

కడిగిన వాటిలోంచి ఏరకుండా, చేతికి వచ్చినట్టు వంద గింజలు తీసి, తడి గుడ్డ మీద వరసగా పేర్చి చుట్టండి. ఆరిపోకుండా రోజూ నీళ్లు చిలకరించండి. ఐదో రోజు ఒకసారి లెక్కపెట్టి, మిగిలినవాటి కోసం పద్నాలుగో రోజు దాకా ఆగండి. ధ్రువీకరించిన వరి విత్తనానికి కనీస మొలక శాతం 80. మీ లెక్క 60 వస్తే, ఎకరానికి 25 కిలోలు చాలే చోట 33 కిలోలు కావాలి. ఈ లెక్క పిల్లల చేతే వేయించండి. కొన్ని రకాల్లో కోసిన కొత్తలో గింజ నిద్రావస్థలో ఉంటుంది, బాగున్న గింజే అయినా మొలవదు. అలాంటప్పుడు కొన్ని వారాలు ఆగి మళ్లీ చూడాలి.

నాలుగో మెట్టు: మండె

అసలు విషయం ఇక్కడే ఉంది. మిగిలిన వడ్లను 24 గంటలు నానబెట్టి, నీళ్లు వంచేసి, తడి గోనెలో మూటగా కట్టి, నీడలో ఉంచి పైన బరువు పెట్టండి. పన్నెండు గంటల తర్వాత పిల్లల చేయి మూట మధ్యలోకి పెట్టించండి. వెచ్చగా తగులుతుంది. పొయ్యి లేదు, ఎండ లేదు, మరి ఆ వేడి ఎక్కడిది? గింజలో దాచుకున్న పిండి చక్కెరగా మారి, ఆ చక్కెర గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి శక్తినిస్తోంది. ఆ శక్తిలో కొంత మొలకకు పోగా మిగిలింది వేడిగా బయటికి వస్తోంది. అర కిలోకు వేడి తక్కువగానే తెలుస్తుంది. రైతు ఇంట్లో బస్తా మండె కట్టినప్పుడు అడిగి, ఒకసారి చేయి పెట్టించండి, వాళ్లు జన్మలో మర్చిపోరు.

మూటను మధ్యమధ్యలో తిరగేసి నీళ్లు చిలకరించాలి. అలా చేయకపోతే లోపలి గింజలకు గాలి అందక పులిసిన వాసన వస్తుంది. ఆక్సిజన్ లేని శ్వాసక్రియ వాసన అది.

ఐదో మెట్టు: సున్నపు తేట

సీసాడు నీళ్లలో చెంచాడు సున్నం కలిపి రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున పైన తేరిన నీళ్లను వంచుకోండి. ఇదంతా పెద్దవాళ్లే చేయాలి, సున్నం కంట్లో పడితే ప్రమాదం.

ఒక గాజు సీసాలో రెండు గుప్పెళ్లు మొలకలు వేసి, వాటి మీద చిన్న గిన్నెలో తేట పెట్టి గట్టిగా మూత బిగించండి. రెండో సీసాలో మొలకలకు బదులు ఉడికించి చల్లార్చిన వడ్లు వేసి, మిగతాదంతా అలాగే చేయండి. పొద్దున పెడితే సాయంత్రానికి మొలకల సీసాలో తేట పాలలా తెల్లబడుతుంది. గింజలు వదిలిన కార్బన్ డయాక్సైడ్ సున్నంతో కలిసి కాల్షియం కార్బొనేట్ అయింది. గోడకు వేసిన సున్నం గట్టిపడేదీ ఇలాగే. రెండో సీసాలోనూ సన్నని తెట్టు కడితే కంగారు పడొద్దు, మామూలు గాలిలోనూ ఆ వాయువు కొంచెం ఉంటుంది. తేడా ఎంతో చూపించడానికే రెండో సీసా. దాన్ని మాత్రం మానేయకండి, పోల్చి చూడకపోతే అది ప్రయోగమే కాదు.

చివరగా అయోడిన్

మొలవని గింజను పొట్టు తీసి నలిపి ఒక చుక్క వేస్తే నల్లనీలంగా మారుతుంది, అది పిండి పదార్థం. వారం రోజులు పెరిగిన మొలక కింద మిగిలిన గింజను నలిపి వేస్తే రంగు పలచబడి ఉంటుంది. అయోడిన్ తగిలిన గింజల్ని పారేయాలి, కోళ్లకు కూడా వేయొద్దు.

ఒంగోలు, నాగులుప్పలపాడు వైపు నల్లరేగడి నేలల వాళ్లు వడ్లకు బదులు శనగలతో చేయొచ్చు. వాటికి గుడ్డు పరీక్ష, మండె అవసరం లేదు, మిగతాదంతా ఒకటే. నానిన శనగ తొక్క తీస్తే రెండు బద్దలు విడిపోతాయి, ద్విదళ బీజం అంటే అదే. ఒక శనగను, ఒక అలసంద గింజను ఒకే కుండీలో పాతి పెట్టండి. అలసంద బద్దలు మొలకతోపాటు మట్టి పైకి లేస్తాయి, శనగ బద్దలు మట్టిలోనే ఉండిపోతాయి. రోజూ ఆ రెండింటి బొమ్మ తేదీ వేసి గీయించండి.