తుఫాను కబురుకు ముందే మందుల డబ్బా సర్దుకోండి

దసరా దగ్గర పడి వాయుగుండం అన్న మాట వినబడిందంటే ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం వైపు ఇళ్లలో బియ్యం, కొవ్వొత్తులు, ఫోను ఛార్జింగు గుర్తొస్తాయి. మందులు కరెంటు పోయాక గుర్తొస్తాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటితే ఇటు గజపతి జిల్లా కొండ ఊళ్లకు దారులే తెగిపోయాయి. బీపీ, షుగరు, ఫిట్స్ మాత్రలు వాడేవాళ్లుంటే సెప్టెంబరు చివరికల్లా కనీసం రెండు వారాల మందు చేతిలో ఉంచుకోండి. ముఖ్యంగా ఫిట్స్ మాత్ర ఉన్నపళంగా ఆపకూడదు.

మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దు ఇళ్లలో ఇంకో చిక్కుంది. గుండె డాక్టరు విశాఖలో, షుగరు డాక్టరు బరంపురంలో, జ్వరమొస్తే పాతపట్నం. విశాఖ చీటీలో టెల్మా అని ఉంటుంది, ఇక్కడి షాపులో టెల్మికైండ్ ఇస్తారు. రెండూ టెల్మిసార్టాన్ అనే బీపీ మందే. ఇంట్లో మామ్మ మాత్రం పాత స్ట్రిప్పులోది ఒకటి, కొత్త స్ట్రిప్పులోది ఒకటి వేసుకుని, లేచి నిలబడితే కళ్లు తిరిగి కూలబడుతుంది. కాబట్టి పైనున్న పెద్దక్షరాల పేరు కాదు, దాని కింద చిన్నగా రాసిన అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో చూడండి. అదే మందు రెండో పేరుతో ఉంటే ఒకటి పక్కన పెట్టేయండి. ఏ డాక్టరు దగ్గరికెళ్లినా మిగతా డాక్టర్ల చీటీలు కూడా పట్టుకెళ్లండి, ఆయన అడక్కపోయినా సరే.

షాపులో అయిదు మాత్రలు కత్తిరించి ఇస్తే పేరూ, గడువు తేదీ అవతలి ముక్కలో ఉండిపోతాయి. అక్కడే అడిగి కవరు మీద రాయించుకోండి. గడువు 10/2026 అంటే ఆ అక్టోబరు ఆఖరు రోజు దాకా అని. మాత్రల్ని స్ట్రిప్పులోంచి ముందే ఒలిచి సీసాలో పోసిపెట్టే అలవాటు మన వానలకు పనికిరాదు, చెమ్మ పడతాయి. పొయ్యి పక్క గూడు, స్నానాలగది కిటికీ కూడా వద్దు.

ఇన్సులిన్ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. తెరవనివి ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఫ్రీజర్‌లో కాదు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనబడొచ్చు గానీ ఇక వాడకూడదు. తెరిచినదాన్ని ఎండా వేడీ తగలకుండా బయట ఉంచి చాలా రకాలు నాలుగు వారాల దాకా వాడొచ్చు. మీ రకానికి ఎంతో పెట్టె మీద చూసుకోండి. కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు మాటిమాటికీ తీయకండి. ఫ్రిజ్ లోపల వేడెక్కితే, పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ దించి, ఇన్సులిన్ సీసాని పాలిథీన్ సంచిలో చుట్టి అందులో పెట్టి, పైన తడిగుడ్డ కప్పండి. ఐసుముక్క నేరుగా తగలనివ్వకండి.

తుఫాను షెల్టరుకెళితే తిండి వేళకు దొరకదు. గ్లిమెపిరైడ్ లాంటి షుగరు మాత్ర వేసుకుని పస్తుంటే రక్తంలో చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు, మాట తడబడటం కనబడితే వెంటనే పంచదార నీళ్లు తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి. తినలేని రోజు మాత్ర, ఇన్సులిన్ ఎంత తగ్గించాలో డాక్టర్ని ఇప్పుడే అడిగి రాసి పెట్టుకోండి. సొంత లెక్కలొద్దు.

వాన వెలిశాక జ్వరాలు మొదలవుతాయి. పోయినేటి మిగులు యాంటీబయాటిక్ వెతకొద్దు. డెంగ్యూ కాదని తేలేదాకా పారాసిటమాల్ తప్ప ఒళ్లునొప్పుల మాత్ర ఏదీ వద్దు. మలేరియా అని తేలితే, చలి తగ్గిందని మధ్యలో ఆపకుండా ఇచ్చిన కోర్సంతా వేసుకోవాలి.

గర్భిణులకిచ్చే ఐరన్ మాత్రలు పిల్లలు బిళ్లలనుకుని మింగితే ప్రాణం మీదికొస్తుంది, అటక మీద పెట్టండి. చీటీల ఫొటో ఫోనులో ఉన్నా, ఒక జెరాక్సు ప్లాస్టిక్ కవర్లో వేసి మందులతోనే ఉంచండి, ఫోను ఛార్జింగు మాత్రలకంటే ముందే అయిపోతుంది.