భాగస్వామ్య సంస్థలతో కలిసి పనిచేసే సత్తా కొలవడం – 3వ పాఠం: గేటు దాటి అడిగే ‘ఎందుకు?’

పోయిన పాఠంలో చెక్ షీట్ గీశాం. కొనుగోలు ఆర్డరు, డ్రాయింగ్, ముడిసరుకు, తనిఖీ, బిల్లు... ఇలా పని మన చేతి నుంచి వాళ్ల చేతికి మారే ప్రతిచోటా, ఆలస్యమైనా తప్పు దొర్లినా ఒక గీత పెట్టమన్నాను. ఆ కాగితం ముందు పెట్టుకోండి. గీతలు ఎక్కువున్న వరసను పైకి, తక్కువున్నదాన్ని కిందికి మార్చి రాయండి. దీన్నే పరేటో పట్టిక అంటారు. ఈ పాఠంలో పై వరస ఒక్కదాన్నే పట్టుకుందాం.

లెక్క కోసం, హైదరాబాద్ బాలానగర్‌లో మనకు జాబ్ వర్క్, అంటే మన డ్రాయింగ్ ప్రకారం పీసులు, చేసిపెట్టే షాపు ఒకటి ఉందనుకోండి. నెలలో 20 గీతలు పడితే అందులో 11 డ్రాయింగ్ దగ్గరే. ఇప్పుడు టయోటాలో పుట్టిన ‘ఐదు ఎందుకులు’ పద్ధతి వాడదాం: వచ్చిన ప్రతి జవాబునూ మళ్లీ ‘ఎందుకు?’ అని అడుగుతూ అసలు కారణం దాకా వెళ్లడం.

పీసులు ఎందుకు వెనక్కొచ్చాయి? బోరు (పీసులో తొలిచిన రంధ్రం) కొలత తేడా. ఎందుకు? పాత డ్రాయింగ్ చూసి చేశారు.

చాలామంది ఇక్కడే ఆగి ‘వాళ్లకు శ్రద్ధ లేదు’ అని రాసేస్తారు. దయచేసి ఆగకండి. వాళ్ల షాపుకి వెళ్లండి. లేత్ పక్కన గోడకు అంటించిన డ్రాయింగ్ మీద కూలెంట్ మరకలుంటాయి. కింద కుడిమూల, డ్రాయింగ్ ఎన్నో మార్పుదో చెప్పే రివిజన్ గడిలో ‘బి’ అని ఉంది. మన ఆఫీసులో ‘సి’ ఎప్పుడో వచ్చేసింది. మరి అది ఇక్కడికి ఎందుకు రాలేదు? మన డిజైన్ వాళ్లు పర్చేజ్‌కి (కొనుగోళ్ల విభాగానికి) పంపి ఊరుకున్నారు. పర్చేజ్ ఎందుకు పంపలేదు? అది తమ పనని వాళ్లకు తెలియదు. ఎందుకు తెలియదు? రివిజన్ మారితే బయటి షాపుకి ఎవరు చెప్పాలో ఎక్కడా రాసుకోలేదు.

మూడో ప్రశ్నకే వేలు మనవైపు తిరిగింది. కలిసి పనిచేసే సత్తా అంటే నా లెక్కలో ఇదే: ‘ఎందుకు’ అన్న ప్రశ్న రెండు గేట్లనూ దాటగలగాలి.

డ్రాయింగ్ చేతులు మారడం ఎంత పెద్ద విషయమో 1997 ఫిబ్రవరి 1న జపాన్‌లో తేలింది. ఆ రోజు కరియాలో, టయోటాకు విడిభాగాలు చేసే ఐసిన్ సైకి ఫ్యాక్టరీ కాలిపోయింది. టయోటా కార్ల బ్రేకుల్లో వెనక చక్రాల మీద ఒత్తిడిని అదుపుచేసే పి-వాల్వులు దాదాపు అన్నీ అక్కడే తయారయ్యేవి. టయోటా అసెంబ్లీ లైన్లు ఆగిపోయాయి. ఐసిన్ తన డ్రాయింగులను అడిగినవాళ్లకల్లా ఇచ్చేసింది. సుమారు 200 కంపెనీలు చేయి వేశాయి. కుట్టు మిషన్లు చేసే బ్రదర్ కూడా వాల్వులు చేసిపెట్టింది. కొద్ది రోజుల్లోనే లైన్లు మళ్లీ కదిలాయి. అంత నమ్మకం నిప్పంటుకున్న రోజు పుట్టేది కాదు, ఏళ్ల తరబడి కలిసి సమస్యలు విప్పుకుంటే వచ్చింది.

ఇక మార్కులు. చేతులు మారే ఒక్కోచోటికి వేయండి: బాధ్యత ఎవరిదో తెలియకపోతే 0, ఒక మనిషి జ్ఞాపకం మీద నడిస్తే 1, రాసిపెట్టుకుంటే 2, రాసిందాన్ని రెండు వైపులవాళ్లూ నెలకోసారి కూర్చుని సరిచూస్తే 3.

అభ్యాసం: ఇవే మార్కులు అవతలి ఫోర్‌మన్‌ని విడిగా వేయమనండి. మీ కాగితం ముందే చూపించకండి. ఇద్దరి మార్కులూ ఎక్కడ కలవలేదో గుండ్రం చుట్టి ఉంచండి. నాలుగో పాఠం అక్కడే మొదలుపెడదాం.