తరగతిలో ప్యానెల్, ట్యాబ్: ఎక్కడ చిక్కుకుంటాం, ఎలా బయటపడాలి

విశాఖలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు సైన్స్ చెబుతాను. మన రాష్ట్రంలో 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చారు. మరుసటి ఏడాది గోడలకు పెద్ద ప్యానెళ్లు, అంటే వేలితో తాకి రాయగలిగే టీవీలాంటి తెరలు వచ్చాయి. అప్పటి నుంచి తోటి టీచర్లు నన్ను అడిగినవి, నేను స్వయంగా తిన్న ఎదురుదెబ్బలు కలిపి రాస్తున్నాను. మీ తరగతిలో ఏది కనబడితే నేరుగా అక్కడికే వెళ్లండి.

సమస్య: వీడియో చూసినంతసేపూ పిల్లలు కదలరు. అయ్యాక ప్రశ్న అడిగితే ఒక్క చెయ్యీ లేవదు.

అందరం ముందు పిల్లల శ్రద్ధనే అనుమానిస్తాం. నా అనుభవంలో కారణాలు వేరు. మొదటిది, చూడటం మొదలుపెట్టే ముందు వాళ్ల మనసులో ప్రశ్న ఏదీ లేదు. సినిమా చూసినట్టు చూశారు. రెండోది భాష. వీడియోలో ఇంగ్లిష్ గబగబా పరుగెడుతుంది. మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగు ఉంటాయి కాబట్టి పుస్తకంలో ఆగి, పక్కకు చూసి, అర్థం చేసుకునే వీలుంది. వీడియోలో ఆ వీలు లేదు.

ముందు సౌండ్ తీసేయండి. బొమ్మ కదులుతుంటే మాట మీరు చెప్పండి, తెలుగులో, మీ పిల్లల పేర్లు పెట్టి పిలుస్తూ. రెండు మూడు నిమిషాలకోసారి ఆపండి. ఆపే చోటు మాత్రం ముందురోజే చూసి పెట్టుకోవాలి. ఫలితం తెలిసిపోయాక ఆపితే లాభం లేదు, దానికి ఒక్క క్షణం ముందు ఆపాలి. "ఇప్పుడేమవుతుంది? రఫ్ నోట్సులో రాయండి" అనండి. తప్పు రాసినా కొట్టేయనివ్వకండి. తన ఊహ తప్పని తెలిసిన పిల్లాడు మిగతా వీడియోను కళ్లార్పకుండా చూస్తాడు.

సమస్య: సిమ్యులేషన్‌లో (తెరమీద బొమ్మలతో చేసే ప్రయోగంలో) అన్నీ సరిగ్గా చేస్తారు, చేతికి వస్తువులిస్తే చేతులెత్తేస్తారు.

ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నాకు కళ్లు తెరిపించింది ఇదే. ఏడో తరగతికి విద్యుత్ వలయాలు చెబుతూ, కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లు ఉచితంగా ఇచ్చే ఫెట్ సిమ్యులేషన్ వాడాను. తెరమీద సెల్లు, వైర్లు, బల్బు లాగి కలుపుకోవచ్చు. ఇరవై నిమిషాల్లో అందరూ బల్బు వెలిగించేశారు. మర్నాడు నిజం సెల్లు, హోల్డరు, టార్చిలైటు బల్బు ఇచ్చాను. ఆరు జట్లలో నాలుగు జట్ల బల్బులు వెలగలేదు. "మేడమ్, నిన్న వెలిగింది కదా!" అని ఒకటే గోల.

వలయం సరిగ్గానే కలిపారు. వెనక బెంచీ అమ్మాయి ఒకతె హోల్డరు తిప్పి చూసింది. ఇత్తడి రేకు మీద పచ్చగా చిలుము. మన ఊరి ఉప్పుగాలికి కిటికీ చువ్వలే తుప్పు పడతాయి, అలమరలో ఏడాదిగా పడి ఉన్న హోల్డరు ఎంత! ఎవరూ చెప్పకుండానే పెన్సిల్ చెక్కుకునే బ్లేడు అంచుతో గీకింది. రేకు మెరిసింది, బల్బు వెలిగింది. చిలుము విద్యుత్తును సరిగా పోనివ్వదన్న సంగతి ఆ రోజు నేను బోర్డు మీద రాయాల్సిన పని పడలేదు.

కారణం ఇప్పుడు తేలికగా అర్థమవుతుంది. తెరమీది లోకంలో ప్రతి అతుకూ గట్టిగా ఉంటుంది, తుప్పు పట్టదు. షార్ట్ సర్క్యూట్ చేస్తే అక్కడ మంటల బొమ్మ వస్తుంది. టార్చి సెల్లుతో అదే చేస్తే వైరు, సెల్లు వేడెక్కుతాయి. చిన్న సెల్లే కదా అని అలా వదిలేయకూడదు, వెంటనే తీసేయించండి. బొమ్మలో మంట చూసిన పిల్లలకు నిజం సెల్లు ముట్టుకోవాలంటే భయం, లేదా మంట రాలేదని నిరాశ.

అందుకే వరుస మార్చాను. ముందు నిజం సెల్లు, నిజం బల్బు. వెలిగినా వెలగకపోయినా పది నిమిషాలు కుస్తీ పట్టనివ్వండి. తర్వాత తెర. చేత్తో చూడలేనిది, అంటే వైరులో ఎలక్ట్రాన్ల కదలిక, అక్కడ చూపించండి. చివర మళ్లీ వస్తువుల దగ్గరికి రండి. "బొమ్మలో ఉన్నది ఇక్కడ లేదు, ఇక్కడ ఉన్నది బొమ్మలో లేదు, రెండు జాబితాలు రాయండి" అంటే మా పిల్లలు తుప్పు, లూజు కాంటాక్టు, అయిపోయిన సెల్లు అని చకచకా రాస్తున్నారు. ఒకటిన్నర వోల్టుల టార్చి సెల్లులే వాడాలి. గోడ ప్లగ్గు జోలికి ఎవరూ వెళ్లకూడదని ప్రతిసారీ చెప్పండి, పిల్లలు విసుక్కున్నా సరే.

సమస్య: ప్యానెల్ మీద వేలు పెట్టిన చోట కాక ఇంకోచోట గీత పడుతోంది, లేదా దానంతటదే గీతలు వస్తున్నాయి.

చాలా ప్యానెళ్లలో టచ్ పనిచేసేది పరారుణ కిరణాలతో. అద్దం చుట్టూ ఉన్న ఫ్రేములోంచి కంటికి కనబడని కిరణాలు అడ్డంగా, నిలువుగా పోతుంటాయి. వేలు ఎక్కడ అడ్డుపడితే అక్కడ టచ్ జరిగినట్టు. సుద్దపొడి పేరుకున్నా, మూలలో సాలీడు గూడు కట్టినా అది వేలే అనుకుంటుంది. పక్కనే నల్లబల్ల ఉన్న గదుల్లో తేమకు సుద్దపొడి ఫ్రేము లోపలి అంచున ముద్దగా అంటుకుపోతుంది. మధ్యాహ్నం పడమటి కిటికీలోంచి నేరుగా ఎండ పడినా ఇదే తంతు.

ప్యానెల్ ఆపి, పొడి మెత్తటి గుడ్డతో ఫ్రేము లోపలి అంచు నాలుగు వైపులా తుడవండి. నీళ్లు చల్లొద్దు. కిటికీకి ముదురు రంగు కర్టెన్ వేయించండి. అప్పటికీ మారకపోతే సెట్టింగ్స్‌లో కాలిబ్రేషన్ (వేలు పెట్టిన చోటుకు టచ్‌ను సరిచేయడం) చేసి చూడండి.

సమస్య: సరిగ్గా పాఠం మధ్యలో నెట్ పోతుంది.

నెట్ మీద ఆధారపడటమే కారణం. 2017లో మొదలైన, బడి పాఠాలుండే దీక్షా యాప్‌లో కావలసిన పాఠాన్ని ముందే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. పుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆ పాఠం దొరుకుతుంది. ఫెట్ సిమ్యులేషన్లను కూడా ఫైలుగా దించుకుంటే నెట్ లేకుండానే తెరుచుకుంటాయి. నేను అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో, తరగతికో ఫోల్డరు చేసి ఉంచాను. కరెంటే పోతే ఆ రోజు సుద్దముక్కే, దానికి టెన్షన్ పడకండి.

సమస్య: ట్యాబ్ చేతికివ్వగానే గేమ్స్.

పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పకుండా ఇచ్చాం కాబట్టి. ఇద్దరికి ఒక ట్యాబ్ ఇవ్వండి. ఒకరు తెర తాకాలి, రెండోవాళ్లు నోట్సులో రాయాలి, ఏడు నిమిషాలకు మారాలి. మీరు మాట్లాడేటప్పుడు "బోర్లా" అనగానే ట్యాబ్‌లన్నీ బల్ల మీద బోర్లా పడాలి. వారం రోజులు గట్టిగా పట్టుబట్టి చేయిస్తే అలవాటైపోతుంది.

సమస్య: వాట్సాప్ గ్రూపులో పెట్టిన హోంవర్క్ సగం మంది చేసుకురారు.

ఇక్కడ నేను ఒక పిల్లను అనవసరంగా కోప్పడ్డాను, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మూడు వారాలు వరుసగా వీడియో చూడకుండా వచ్చింది. తర్వాత వాళ్లింటికి వెళ్తే తెలిసింది. ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను. అమ్మ తెల్లవారుజామున నాలుగింటికి ఫిషింగ్ హార్బర్‌కు చేపల బేరానికి వెళ్తుంది, ఫోను ఆమెతోనే. రాత్రి ఫోను ఇంట్లో ఉన్నా రోజువారీ డేటా అప్పటికే అయిపోయి ఉంటుంది. గాజువాక వైపు షిఫ్టు డ్యూటీల ఇళ్లలో ఫోను నాన్నతో పోతుంది.

అందుకని ఫోన్ లేకపోతే జరగని పనిని ఇంటికి ఇవ్వడం మానేశాను. చూడాల్సింది బడిలోనే చూపిస్తాను. ఇంటికి ఇచ్చేది ఇంట్లో ఉన్నదానితో చేయగలిగేదే. ఉదాహరణకు, గుమ్మం దగ్గర కర్ర నిలబెట్టి ఆదివారం పది నుంచి రెండు వరకు గంటగంటకూ నీడ కొలిచి రాసుకురమ్మంటాను. సోమవారం ఆ అంకెలే ప్యానెల్ మీద అందరివీ కలిపి గ్రాఫు గీస్తాం. ఆ అమ్మాయి కిందటి నెల ఐదు కొలతలకు బదులు తొమ్మిది తెచ్చింది. అరగంటకోసారి కొలిచిందట, చేపల తక్కెడ పక్కన నిలబెట్టిన గొడుగు కర్రతో.