మన ఊరి లైబ్రరీలో ఏ నెలలో ఏం పెట్టాలి, ఎలా పెట్టాలి

ఒక ఏడాది గ్రంథాలయ వారోత్సవాల్లో మా శాఖా గ్రంథాలయంలో 60 కుర్చీలు వేసి, మైక్ పెట్టి, టీ కాయించి ఎదురుచూస్తే వచ్చింది 11 మంది, వాళ్లలో నలుగురం మేమే. వాయుగుండం పట్టిందని రెండు రోజుల నుంచి టీవీలో చెప్తున్నారు, కోసి పనల మీద ఉన్న వరిని కుప్ప వేసుకోవడానికి ఊరు ఊరంతా పొలంలోనే ఉంది, పిల్లలు కూడా అక్కడే. మాట్లాడటానికి పిలిచిన మాస్టారు పెద్ద మనసుతో "ఇంకో రోజు వస్తానులే బాబూ" అని వెళ్లిపోయారు. అప్పటినుంచి ఏ ప్రోగ్రాం తేదీ వేయాలన్నా స్కూలు సెలవులు, పండగలు, పొలం పనులు మూడూ ఒకే కాగితం మీద రాసుకుని చూస్తున్నాం. శ్రీకాకుళం, విజయనగరం వైపు మీ ఊళ్లో లైబ్రరీ ఉండి, అందులో ఏదైనా చేద్దామని మనసులో ఉంటే, మాకు చేసి తెలిసినవి ఇవి.

ముందు లైబ్రేరియన్ గారి దగ్గర కూర్చోండి. చాలాచోట్ల ఒక్కరే రెండు లైబ్రరీలు చూసుకుంటున్నారు, ఆయన మీద ఇంకో పని పడేసినట్టు కాకుండా "కుర్చీలు మేం తెస్తాం, పిల్లల్ని మేం చూసుకుంటాం, తర్వాత ఊడ్చి తాళం వేసేదాకా ఉంటాం" అని చెప్తే ఎవరూ కాదనరు. హాలు వాడుకోవడానికి జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శి పేరు మీద ఒక చిన్న అర్జీ రాసి, లైబ్రేరియన్ ద్వారానే పంపండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. అడగడానికి మొహమాటం వద్దు. మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను ఉంది, మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. అది మన డబ్బుతో నడిచే చోటు. తాళం వేసే వేళలు, వారపు సెలవు (చాలా లైబ్రరీలకు శుక్రవారం) ముందే కనుక్కుంటే బ్యానర్ మీద తప్పు తేదీ పడదు.

వేసవి దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే పిల్లలు చేతికి దొరికేది అప్పుడే. ఏప్రిల్ ఆఖర్లో బడులు మూస్తారు, జూన్ రెండో వారం దాకా తెరవరు. లైబ్రరీల్లో వేసవి విజ్ఞాన శిబిరాలు పెడుతుంటారు, మీ దగ్గర ఉంటే దానితో కలవండి, లేకపోతే మీరే మొదలుపెట్టండి. టైం మాత్రం ఉదయం 7:30కి మొదలై 10:30కి అయిపోవాలి. 11 దాటితే ఎండకి పిల్లల్ని ఇళ్లకు పంపడానికే భయం వేస్తుంది, ఆ టెన్షన్ మనకెందుకు. కుండలో నీళ్లు, ఒక బిందెడు పల్చటి మజ్జిగ ఉంటే చాలు. బిస్కట్ ప్యాకెట్లు కొనకండి, అవి ఉన్నన్నాళ్లే వచ్చే పిల్లలు తయారవుతారు, డబ్బులూ అయిపోతాయి. మా దగ్గర ఒక వేసవి మొదటి రోజు 40 మంది వచ్చి మూడో వారానికి 14 మంది మిగిలారు. కారణం మా పద్ధతే: రోజూ ఒకరు వచ్చి గంటసేపు మంచి మాటలు చెప్పేవారు, పిల్లలు చేతులు కట్టుకుని వినేవారు. మర్నాడు ఇంట్లో పడుకోకుండా మళ్లీ ఎందుకు వస్తారు?

తర్వాత మార్చేశాం. ఇప్పుడు మొదటి గంట ఎవరికి నచ్చిన పుస్తకం వాళ్లు, చాప మీద పడుకుని చదివినా సరే, బొమ్మలు మాత్రమే చూసినా సరే. రెండో గంట కథ. చదివి వినిపించడానికి గొంతు బాగున్నవాళ్లని వెతకండి, టీచరే అవ్వక్కర్లేదు, మాకు దొరికిన మంచి గొంతు బస్టాండు దగ్గర టైలరింగ్ చేసే ఆమెది. కథ సగంలో, మంచి చోట ఆపేసి "మిగతాది రేపు" అనండి, ఈ ఒక్క పని చేస్తే హాజరు గురించి బెంగ ఉండదు. మూడో గంట చేతిపని, అందులో పిల్లలకి అన్నిటికంటే నచ్చింది చిరిగిన పుస్తకాలకు అట్టలు వేయడం. మైదా జిగురు ఉడకబెట్టి చల్లార్చి ఇస్తే చాలు. పాత బైండింగువాళ్లు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు కానీ అది విషం, పిల్లలు ముట్టుకునే జిగురులో వద్దు, వాళ్లు వేసిన అట్టలు బాగా ఆరనిచ్చి వేపాకు మధ్య పెట్టుకుందాం. తను అట్ట వేసిన పుస్తకాన్ని ఆ పిల్లవాడు తప్పకుండా చదువుతాడు, ఇది నేను కళ్లారా చూసి చెప్తున్నాను, అట్ట లోపలివైపు చిన్న అక్షరాలతో వాడి పేరు రాయనిస్తే వాళ్లమ్మనీ తీసుకొచ్చి చూపిస్తాడు.

వారానికి ఒక రోజు ఊరి కళాకారుల్ని పిలవండి. మన రెండు జిల్లాల్లో తప్పెటగుళ్లు ఉన్నాయి, జముకుల కథ ఉంది, తూర్పు భాగవతం ఉంది, వీటి పేర్లు కూడా తెలియని పిల్లలు పెరుగుతున్నారు. పిలిచేటప్పుడు ఊరికే రమ్మనకండి, బస్సు చార్జీ, భోజనం, చేతిలో ఎంతో కొంత పెట్టాలి, అది వాళ్ల బతుకుతెరువు. శ్రీకాకుళం తీరంలో జీడి, కొబ్బరి తోటలున్న ఉద్దానం వైపు అయితే ఇంకో సంగతి చూసుకోవాలి, జీడిపిక్కల సీజన్ వేసవిలోనే, తల్లులు పొద్దున్నే తోటలకు వెళ్తారు, పెద్ద పిల్ల చంకలో చిన్నపిల్లని వేసుకుని లైబ్రరీకి వస్తుంది. ఆ చిన్నదాన్ని చూసుకోవడానికి ఒక పెద్దావిడ లేకపోతే ఆ పెద్ద పిల్ల ఏమీ చదవలేదు. కాబట్టి ఒక మూల చాప, నాలుగు బొమ్మలు, ఒక మామ్మ. మేము ఈ ఏర్పాటు చేశాకే ఆడపిల్లల సంఖ్య పెరిగింది.

జూన్, జూలై పెద్ద ప్రోగ్రాములు పెట్టే నెలలు కావు. బడులు తెరిచిన హడావిడి, ఆ వెనకే ఉభాలు, అంటే వరినాట్లు. అప్పుడు సభ్యత్వాలు చేయించండి, అంతే. బడికి వెళ్లి హెడ్మాస్టరు గారితో మాట్లాడి, డిపాజిట్ కట్టలేని పిల్లలకు ఊళ్లో ఒకరిద్దరి చేత కట్టించండి, పది మంది పిల్లలకు కట్టినా పెద్ద మొత్తం అవ్వదు.

ఆగస్టులో రెండు తేదీలున్నాయి. 12న ఎస్.ఆర్. రంగనాథన్ పుట్టినరోజు, దేశమంతా లైబ్రేరియన్ల దినంగా జరుపుతారు, ఆ రోజు మీ లైబ్రేరియన్ గారికి ఒక శాలువా కప్పండి, ఎవరూ ఎప్పుడూ కప్పి ఉండరు. అసలైనది 29. గిడుగు రామమూర్తి గారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. ఆయన 1863లో పుట్టింది మన శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో. జనం మాట్లాడే భాషలోనే పాఠాలుండాలని పోరాడిన మనిషి, మన కొండల్లోని సవర గిరిజనుల భాష నేర్చుకుని వాళ్ల భాషలో వాళ్ల పిల్లలకు చదువు చెప్పించిన మనిషి. అలాంటాయన పుట్టినరోజున ఎవరికీ అర్థంకాని గ్రాంథికంలో ఉపన్యాసాలు పెట్టి, చివర్లో వ్యాసరచన బహుమతులు ఇచ్చి పంపేస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

మేము చేసేది ఇది. వారం ముందు పిల్లలకు తలా పది చిన్న అట్టముక్కలు ఇస్తాం. ఇంట్లో మామ్మనో తాతనో అడిగి, పొలం, వంట, చేపల వేట, నేత, ఏ పనిలోదైనా సరే, బడి పుస్తకంలో కనబడని మాటలు పది రాసుకురావాలి, ఒక్కో మాట కింద దాని అర్థం, ఎవరు చెప్పారో వాళ్ల పేరు. "ఉభాలు" అనే మాట మన వైపు ప్రతి రైతుకీ తెలుసు, బడి పుస్తకంలో నాట్లు అని ఉంటుంది. 29న ఆ అట్టలన్నీ తాడు కట్టి వేలాడదీసి, చెప్పిన మామ్మల్ని ముందు వరుసలో కూర్చోబెట్టి, పిల్లలు ఒక్కొక్కరే చదువుతారు. లైబ్రరీ గడప ఎప్పుడూ తొక్కని ఆడవాళ్లు ఆ రోజు మంచి చీర కట్టుకుని వస్తారు. మత్స్యకారుల ఇళ్ల నుంచి వచ్చిన గాలుల పేర్లు, వలల పేర్లు విని మాలో ఎవరికీ నోట మాట రాలేదు. ఆ అట్టల్ని పారేయకుండా అక్షరక్రమంలో పెట్టి ఒక డబ్బాలో లైబ్రరీలోనే ఉంచండి, ఏడాదికేడాది పెరుగుతుంది. సీతంపేట, పార్వతీపురం దగ్గర ఉండేవాళ్లు సవర మాటలకు వేరే డబ్బా పెట్టండి, వాటిని సవర పిల్లలే చదవాలి.

సెప్టెంబరు 21 గురజాడ జయంతి. విజయనగరంలో ఉన్నవాళ్లు అదృష్టవంతులు, పిల్లల్ని ఆయన ఉన్న ఇంటికి నడిపించుకుని వెళ్లొచ్చు. మిగతా ఊళ్లలో ఆయన కన్యాశుల్కం నాటకంలోంచి ఒక చిన్న రంగం తీసుకుని, వేషాలూ తెరలూ లేకుండా, పుస్తకం చేత్తో పట్టుకుని పాత్రలు పంచుకుని చదివించండి. ఇంటర్ పిల్లలకు ఇది బాగా నప్పుతుంది. రిహార్సల్ రెండు సాయంత్రాలు చాలు.

దసరా నుంచి పైడితల్లమ్మ సిరిమానోత్సవం అయ్యేదాకా విజయనగరం చుట్టుపక్కల ఏమీ పెట్టకండి. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం సిరిమాను, ఊళ్లన్నీ ఖాళీ అయి అక్కడే ఉంటాయి. పైగా అక్టోబరు, నవంబరు మనకి తుఫాన్ల కాలం. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఏమైపోయిందో చూసినవాళ్లం. అందుకని ఈ రెండు నెలల్లో కిటికీల పక్క అలమరాలు జరిపి, కింది అరల పుస్తకాలు పైకెక్కించి, ఒక పెద్ద టార్పాలిన్ కొని లైబ్రరీలో పెట్టండి. ఈ పని పిల్లలతో, కుర్రాళ్లతో ఒక ఆదివారం చేయిస్తే అదీ ఒక ప్రోగ్రామే, తడిసిపోతే ఏవి మళ్లీ దొరకవో అప్పుడే లిస్టు రాసుకోవచ్చు.

నవంబరు 14 నుంచి 20 దాకా జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు, ఇది తప్పదు, సంస్థ నుంచే కార్యక్రమాల లిస్టు వస్తుంది. పుస్తక ప్రదర్శన, కవిసమ్మేళనం, ముగ్గుల పోటీలు, చివరి రోజు బహుమతులు. ఇదంతా సరిగ్గా వరికోతల్లో పడుతుంది, దాన్ని మనం మార్చలేం కానీ టైం మార్చొచ్చు. పెద్దవాళ్లు రావాల్సినవి చీకటి పడ్డాక ఏడింటికి పెట్టమని అడగండి, పిల్లలవి బడి అయ్యాక నాలుగింటికి. వారంలో ఒక్క రోజైనా పుస్తకాల్ని బయటికి తీసుకెళ్లండి. కార్తీకమాసం కలిసొస్తే ఆదివారం వనభోజనాలుంటాయి, జనమంతా ఏ కొబ్బరితోటలోనో మామిడితోటలోనో ఉంటారు, లైబ్రేరియన్ గారి అనుమతితో రెండు ట్రంకు పెట్టెల నిండా పుస్తకాలు, రిజిస్టరు తీసుకెళ్లి దుప్పటి మీద పరిచేయండి. వంటల పుస్తకాలు, భక్తి పుస్తకాలు, పిల్లల బొమ్మల కథలు, ఉద్యోగ పరీక్షల పుస్తకాలు, ఈ నాలుగు రకాలూ ఉండాలి. తిన్నాక నడుం వాల్చే గంటలో ఎంతమంది పుస్తకం అందుకుంటారో చూడండి. అక్కడే సభ్యత్వం రాయించుకోండి. బహుమతులకు స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ డబ్బాలు కాకుండా పుస్తకాలే ఇవ్వాలని నేను ప్రతి ఏడాదీ గొడవపడతాను, మీరూ పడండి.

సంక్రాంతి ఇంకో అవకాశం, చాలామంది వదిలేసుకునేది. హైదరాబాద్, చెన్నై, విశాఖ ఎక్కడెక్కడికో పనులకీ ఉద్యోగాలకీ వెళ్లిన మన వాళ్లంతా ఆ నాలుగు రోజులు ఊళ్లోనే ఉంటారు. కనుమ మర్నాడు సాయంత్రం ఒక గంట చాలు, "మన లైబ్రరీ చూసి వెళ్లండి" అని ఇంటింటికీ చెప్పండి. చిన్నప్పుడు అక్కడ పేపరు చదివినవాళ్లు తప్పకుండా వస్తారు. డబ్బులు అడగొద్దు. లైబ్రేరియన్ గారిని అడిగి తయారుచేసిన 20 పుస్తకాల లిస్టు గోడకి అంటించండి, ఎవరికి నచ్చింది వాళ్లు టిక్కు పెట్టి కొని పంపుతారు. పాత పుస్తకాల మూటలు మాత్రం చూసి తీసుకోండి, ఎప్పటివో గైడ్లు తెచ్చి పడేసేవాళ్లున్నారు. ఆ వెంటనే జనవరి 17 చాసో (చాగంటి సోమయాజులు) పుట్టినరోజు, శ్రీకాకుళంలో పుట్టి విజయనగరంలో బతికిన కథకుడు, ఆయన కథలు చిన్నవి, పండక్కి వచ్చి ఇంకా ఊళ్లోనే ఉన్నవాళ్లతో ఒకటి చదివించి, దాని మీద మాట్లాడుకోవచ్చు.

ఫిబ్రవరిలో ఒక్క ప్రయాణం పెట్టుకోండి. శ్రీకాకుళంలో కథానిలయం ఉంది, కారా మాస్టారు (కథకుడు కాళీపట్నం రామారావు) కథల కోసమే 1997 ఫిబ్రవరి 22న తెరిచిన లైబ్రరీ. తెలుగులో వచ్చిన కథల్ని అక్కడ దాచినట్టు ఇంకెక్కడా దాచలేదు. కథలు రాసే కుర్రాళ్లు, చదివే కుర్రాళ్లు మీ ఊళ్లో పదిమంది ఉంటే ఆటో మాట్లాడుకునైనా తీసుకెళ్లండి, ముందు ఫోన్ చేసి చెప్పి వెళ్లండి. అరసవల్లి రథసప్తమి రోజు మాత్రం వద్దు, శ్రీకాకుళంలో అడుగు పెట్టలేరు.

ఏది పెట్టినా ఒక నోటు పుస్తకంలో మూడు సంగతులు రాయండి: ఎంతమంది వచ్చారు, వాళ్లలో కొత్తవాళ్లు ఎందరు, నెల తిరిగేలోగా వాళ్లలో ఎందరు పుస్తకం తీసుకెళ్లారు. ఫోటోలు ఎలాగూ తీస్తారు. మూడో అంకె లైబ్రేరియన్ గారి రిజిస్టర్లో దొరుకుతుంది, మేము వచ్చే ఏడాది ఏది ఉంచాలో ఏది తీసేయాలో దాన్ని బట్టే తేల్చుకుంటాం.

ఇక మార్చిలో మైక్ ముట్టుకోకండి. పదో తరగతి, ఇంటర్ పరీక్షలు, పక్కన పోటీ పరీక్షలకు కూర్చునేవాళ్లు, వాళ్లకు కావలసింది మంచి లైటు, తిరిగే ఫ్యాను, తాగడానికి నీళ్లు, నిశ్శబ్దం. వీలైతే రాత్రి 9 దాకా తెరిచి ఉంచడానికి అనుమతి అడిగి, వంతులు వేసుకుని కాపలా కూర్చోండి, ఆడపిల్లలుంటే వాళ్లని ఇంటి దాకా దిగబెట్టండి. పదో తరగతి పిల్లల చివరి పరీక్ష రోజు గేటు దగ్గర నిలబడి పేర్లు రాసుకోండి. వేసవి శిబిరానికి వాలంటీర్లు వాళ్లే.