ఆర్బిట్రేషన్: సంతకానికి ముందు ఆ ఒక్క పేరా చదవండి

మాది మిర్యాలగూడ. గోదాములు కట్టిస్తుంటాను. ఒక కంపెనీ పనిలో ఫ్లోరింగ్ రెండు అంగుళాలు మందం పెంచమన్నారు, పెంచాం. ఫైనల్ బిల్లులో ఆ డబ్బు ఆపేశారు. కేసు వేద్దామని నల్లగొండ పోతే వకీలు సారు అగ్రిమెంటు పద్నాలుగో పేజీ తీశారు: తగాదా వస్తే ఆర్బిట్రేషన్ (కోర్టుకు బదులు ఆర్బిట్రేటర్ అనే మధ్యవర్తి తేల్చడం), ఆర్బిట్రేటర్‌ను పెట్టేది కంపెనీ, సీటు (ఆర్బిట్రేషన్‌కు చట్టపరంగా లెక్కలోకి వచ్చే ఊరు) ముంబై. కింద నా సంతకం. ఆ పేజీ నేను చదవనే లేదు.

ఇది పెద్దమనుషుల పంచాయితీ లాంటిది కాదు. పంచాయితీ మాట నచ్చకపోతే లేచి రావచ్చు. 1996 ఆర్బిట్రేషన్ చట్టం కింద ఆర్బిట్రేటర్ ఇచ్చే అవార్డు, అంటే తీర్పు, కోర్టు డిక్రీలాగే అమలవుతుంది. పిలిచినా పోకపోతే మనం లేకుండానే తేల్చేస్తారు. రద్దు కోరాలంటే మూడు నెలలే గడువు, మహా అయితే ఇంకో ముప్పై రోజులు. అదీ చట్టం చెప్పిన కొద్దిపాటి కారణాల మీదే.

అందుకే సంతకానికి ముందే మాట్లాడుకోండి. చిన్న పనికి ఒక్క ఆర్బిట్రేటర్ చాలు, ముగ్గురైతే ఫీజులు మోయలేం. సీటు హైదరాబాద్ అని రాయించండి. సీటు ఎక్కడుంటే ఆ కోర్టులకే తిరగాలి. నేను బాంబే హైకోర్టు దాకా పోవాల్సి వచ్చింది.

ఆర్బిట్రేటర్ ఇద్దరికీ ఇష్టమైన మనిషి కావాలి. ఆ చట్టానికి 2015లో చేసిన సవరణ తర్వాత అవతలి వాళ్ల ఉద్యోగి ఆ కుర్చీలో కూర్చోకూడదు. అయితే తగాదా మొదలయ్యాక "మాకు అభ్యంతరం లేదు" అని మనమే రాసిస్తే ఆ రక్షణ పోతుంది. అలాంటి కాగితం ముందు పెడితే, బిల్లు పాస్ చేస్తామని ఎంత ఆశపెట్టినా సంతకం చేయకండి.

ఫోన్లతో కాలం గడపొద్దు. నేను ఏడాదిన్నర అట్లాగే పోగొట్టుకున్నాను. ఇలాంటి బాకీకి మామూలుగా మూడేళ్లే గడువు. ఆర్బిట్రేషన్ కోరుతూ మనం పంపిన నోటీసు అవతలివాళ్లకు అందిన రోజే ప్రక్రియ మొదలైనట్టు. స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు వచ్చే రుజువు దాచుకోండి. ముప్పై రోజుల్లో ఒప్పుకోకపోతే ఆర్బిట్రేటర్‌ను నియమించమని హైకోర్టును అడగొచ్చు.

చివరికి నన్ను నిలబెట్టింది ఎంబీలో, అంటే పని కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్‌లో, ఒక్క పేజీ. సిమెంటు మరకల మధ్య కొలత, తేదీ, పక్కన వాళ్ల సైట్ ఇంజనీరు సంతకం. అదనపు పని చెప్పిన రోజు సాయంత్రమే ఆ సంతకం తీసుకోండి.