చెరువు జాగకు జోన్ మారుస్తున్నారా? అభ్యంతరం ఇలా రాయండి

మహబూబ్‌నగర్‌లో నేను అర్జీలు రాస్తాను. పింఛన్లు, పాసుపుస్తకాలు, గెట్టు తగాదాలు నాకు రోజూ ఉండే పని. కొన్నేండ్లుగా చెరువుల అర్జీలు ఎక్కువయ్యాయి. చెరువు ఒడ్డున ఖాళీగా ఉన్న సర్కారు జాగను కమర్షియల్‌గానో రెసిడెన్షియల్‌గానో మార్చి రిసార్టుకో, ఫంక్షన్ హాలుకో, వెంచరుకో ఇస్తున్నారని ఊరోళ్లు వస్తారు. ఎక్కువమంది వచ్చేది జేసీబీ దిగినంక. అప్పటికి కాయితం మీద కథ చాలా దూరం నడిచి ఉంటుంది. అడ్డుకోవడానికి అసలైన సమయం అంతకు ముందుది. ఆ సమయంలో ఏం చేయాలో చెప్తాను.

జోన్ అంటే ఏ జాగను దేనికి వాడాలో మాస్టర్ ప్లాన్‌లో రాసిన వర్గం. దాన్ని మార్చే ముందు సర్కారు ముసాయిదా ప్రకటన ఇచ్చి ప్రజల అభ్యంతరాలు అడగాలి. అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ పరిధిలో ఉంటే 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం సెక్షన్ 12 కింద, లేదంటే 1920 నాటి టౌన్ ప్లానింగ్ చట్టం సెక్షన్ 15 కింద ఈ పని నడుస్తుంది. గడువు ప్రకటనలోనే రాసి ఉంటుంది. చాలాసార్లు అది 15 రోజులే. ఆ ప్రకటనలో చెరువు అన్న మాట కనబడాలని లేదు. ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబర్, ఇంత విస్తీర్ణం, రిక్రియేషన్ జోన్ నుంచి కమర్షియల్ జోన్‌కు, నాలుగు దిక్కుల హద్దులు. అంతే. చదివినోళ్లకు అది తమ చెరువేనని తట్టదు. అందుకే మీ చెరువు శిఖం, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే భూమి, ఏయే సర్వే నంబర్లలో ఉందో ఊరి నక్షా చూసి ఇప్పుడే రాసిపెట్టుకోండి. పంచాయతీ గోడ మీద రాయించినా మంచిదే. పేపర్లో జిల్లా పేజీ చదివే పిల్లలకు ఆ నంబర్లు నోటికి రావాలి.

ఇక సాక్ష్యం. అర్జీ బలమంతా ఇక్కడే ఉంటుంది.

ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్) అంటే చెరువు నిండి అలుగు దుంకబోయే ముందు నీళ్లు నిలిచే మట్టం. అలుగు పైఅంచు ఎంత ఎత్తులో ఉందో, అదే ఎత్తును చెరువు చుట్టూ కొలిచి గీత గీస్తే అది ఎఫ్‌టీఎల్ గీత. ఎండాకాలంలో ఎండిపోయి కనిపించినా ఆ గీత లోపలిదంతా చెరువే. దాని బయట కట్టడాలు రాకూడని ఇంకొంత జాగ బఫర్. భవన నిర్మాణ నియమాల జీవో 168, 2012 ఏప్రిల్ 7 నాటిది, ఈ లెక్క చెప్తుంది: 10 హెక్టార్లు, అంతకన్నా పెద్ద చెరువుకు 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు. చెరువులోకి నీళ్లు తెచ్చే వాగు, కాలువ 10 మీటర్ల కన్నా వెడల్పుగా ఉంటే దానికీ 9 మీటర్లు, లేదంటే 2 మీటర్లు. వాగు సంగతి చాలామంది మర్చిపోతారు. ఎగువనున్న వాగును పూడ్చితే చెరువును ముట్టుకోకుండానే చంపొచ్చు. ప్రకటనలోని హద్దుల్లో వాగు ఉందేమో తప్పక చూడండి.

ఇక్కడ ఒక మోసం జరుగుతుంది, జర జాగ్రత్త. అలుగును రాత్రికి రాత్రి కొంత పగలగొడితే నీళ్లు కింది మట్టంలోనే వెళ్లిపోతాయి. రెండు మూడు వానాకాలాలు గడిస్తే ఒడ్డు వెనక్కి జరుగుతుంది. తర్వాత వచ్చి కొలిచిన వాళ్లకు ఆ జాగ చెరువు బయట ఉన్నట్టే కనిపిస్తుంది. దీనికి మందు పాత రికార్డు. ఇరిగేషన్ శాఖ దగ్గర చెరువుల మెమోయిర్లు ఉంటాయి. వాటిలో అలుగు మట్టం, ఆయకట్టు రాసి ఉంటాయి. రెవెన్యూలో సేత్వార్ (మొదటి సర్వే నాటి భూముల రిజిస్టర్), 1954-55 ఖాస్రా పహాణీ (అప్పటి భూమి, సాగు రికార్డు), టిప్పన్ (సర్వే నంబర్ కొలతల బొమ్మ), నక్షా ఉంటాయి. ‘శిఖం’ అన్న నమోదు ఆ కాయితాల్లో దొరికితే మీ చేతిలో కత్తి ఉన్నట్టే. గూగుల్ ఎర్త్‌లో పాత ఏండ్ల చిత్రాలు తీసి, చెరువు నిండిన ఏడాది బొమ్మను తేదీతో సహా ముద్రించుకోండి. మీ ఊళ్లో పాత నీరటి బతికి ఉంటే ఆయనను కట్ట మీదికి తీసుకెళ్లి, నీళ్లు ఎందాక వచ్చేవో అడిగి వీడియో తీయండి. తూములు తిప్పినోళ్లకు తెలిసినంతగా ఆ గీత ఏ అధికారికీ తెలియదు.

కాయితాలకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి. ఊరి స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, జిల్లాలో 10 రూపాయలు. జవాబుకు 30 రోజుల గడువుంది కాబట్టి ప్రకటన వచ్చాక పెడితే అభ్యంతరానికి అందదు. ముందే పెట్టుకోండి. నకళ్లే కాదు, ఆఫీసుకు వెళ్లి ఫైలు చూసుకునే హక్కు కూడా ఆ చట్టం ఇచ్చింది. ఆ సంగతి దరఖాస్తులోనే రాయండి.

శిఖం పట్టా గురించి ఒక మాట. ‘ఇది సర్కారు భూమి కాదు, పట్టా భూమి’ అని వాదన వస్తుంది. శిఖంలో పట్టాలు ఉన్నమాట నిజమే. నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకునే హక్కు అది, ఇల్లు కట్టే హక్కు కాదు. ఆ రైతులతో పంచాయితీ పెట్టుకోకండి. చాలాచోట్ల వాళ్లే మీ మొదటి సాక్షులవుతారు.

ఇప్పుడు రాత. ఒకే కాయితం మీద 300 దస్కతులు పెట్టించి తెస్తారు. దాన్ని ఒక్క అభ్యంతరంగా లెక్కేసి పక్కన పెట్టడం ఆఫీసుకు సులువు. ఎవరి నష్టం వాళ్లు వేరుగా రాయాలి. చేపల సొసైటీ సభ్యులది ఒకటి, ఆయకట్టు రైతులది ఒకటి, బట్టలుతికే రజకులది ఒకటి, బతుకమ్మను అక్కడే నీళ్లలో విడిచే మహిళా సంఘాలది ఒకటి, కింది కాలనీలో ఇల్లున్నోళ్లది ఒకటి. నల్లగొండ వైపు ఫ్లోరైడ్ ఊళ్లలోనైతే, చెరువు నిండితే బోర్లలోకి కొత్త నీరు ఇంకుతుందన్న సంగతి ఎవరో ఒకరు తప్పక రాయాలి. నేను రాసే పద్ధతి ఇట్లా ఉంటుంది:

“ఫలానా తేదీ ముసాయిదా ప్రకటనపై నా అభ్యంతరం. అందులో చూపిన ఫలానా సర్వే నంబర్ భూమి మా చెరువు ఎఫ్‌టీఎల్ లోపల ఉంది. ఇరిగేషన్ మెమోయిర్‌లో అలుగు మట్టం ఇంత అని ఉంది. ఖాస్రా పహాణీలో ఈ నంబర్ శిఖంగా నమోదైంది. నకళ్లు జతపరిచాను. నేను ఈ చెరువు మీద బతికే చేపల సొసైటీ సభ్యుడిని. ఇక్కడ కట్టడం వస్తే మేము వల వేసే ఒడ్డు పోతుంది. జోన్ మార్పు ప్రతిపాదనను విరమించాలని, ఇరిగేషన్, రెవెన్యూ శాఖలతో సంయుక్త సర్వే చేయించాలని, నిర్ణయానికి ముందు నా మాట స్వయంగా వినాలని కోరుతున్నాను.”

దీనికన్నా పొడుగు అక్కర్లేదు. ఎవరు ఎంత తిన్నారన్నది రాయకండి. రుజువు లేని ఆ ఒక్క మాట పట్టుకుని మిగతా అర్జీని పక్కన పెట్టేస్తారు. 2017 చిత్తడి నేలల నియమాలను కూడా ఆధారంగా తీసుకోకండి. సాగునీటి కోసం కట్టిన చెరువులు వాటి కిందికి రావు. హైదరాబాద్‌లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రాకు ఫిర్యాదు చేద్దామని చాలామంది అంటారు. దాని హద్దు హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు దాకానే, పాలమూరు, నల్లగొండ దాని చేతిలో లేవు.

‘చెరువును అందంగా చేస్తున్నాం, మీకెందుకు బాధ’ అని అడుగుతారు. జవాబు సిద్ధం పెట్టుకోండి. మా పెద్ద చెరువు మీద మినీ ట్యాంక్‌బండ్ కట్టారు, జనం పోయి కూర్చుంటారు. నడకదారి, చెట్లు అందరివి. గేటు పెట్టి, టికెట్ పెట్టి, ఊరోళ్లను బయట నిలబెట్టేది వేరు. రెండింటికీ ఒకే పేరు పెడితే ఒప్పుకోవద్దు. తిరుపతి దగ్గరి అవిలాల, పేరూరు చెరువుల కేసులో సుప్రీంకోర్టు 2006లో చెప్పింది ఇదే దారిలోది: ఇలాంటి నీటి వనరులను సర్కారు ప్రజల తరఫున కాపాడే ధర్మకర్త మాత్రమే. ఆ చెరువుల్లో ఇక కొత్త కట్టడాలు వద్దని ఆదేశించింది. అయితే అప్పటికే కట్టిన ఇళ్లను కూల్చమనలేదు. తొందరపడమని నేను మొత్తుకునేది అందుకే.

అభ్యంతరం ఇచ్చేటప్పుడు రెండో ప్రతి మీద ముద్ర, తేదీ, ఇన్‌వార్డ్ నంబర్ వేయించుకోండి. వాళ్లు వేయబోమంటే అక్కడే వాదించుకుంటూ నిలబడక అదే రోజు రసీదు కార్డుతో స్పీడ్ పోస్టు చేయండి. ఒక నకలు సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు, ఒకటి ఇరిగేషన్ ఈఈకి (ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్). మీ చెరువు ఊరి హద్దులో ఉంటే గ్రామసభలో తీర్మానం చేయించి, దాని నకలు కూడా జతచేయండి.

విచారణకు పిలుపొస్తే ఇద్దరు ముగ్గురే మాట్లాడాలి. నక్షా పట్టుకునేవాళ్లు ఒకరు, చెరువు మీద బతికేవాళ్లు ఒకరు, వీలైతే ఊరి లాయరు. చెప్పింది మినిట్స్‌లో రాయించమని అక్కడే అడగండి.

అన్నీ చేసినా తుది ఉత్తర్వు వచ్చేస్తే దాన్ని హైకోర్టులో సవాలు చేయాలి. అప్పుడు ముద్ర పడ్డ మీ అభ్యంతరం, దానికి సర్కారు జవాబిచ్చిందా లేదా అన్నదే కేసుకు ప్రాణం. చెరువును పూడ్చడం మొదలైతే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచికి పోవచ్చు. మీ కేసు మీరే చెప్పుకోవచ్చు. అక్కడ దరఖాస్తుకు గడువు 6 నెలలు, తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు. మొదటి టిప్పర్ మట్టి పోసిన రోజే ఫోన్లో తేదీ, లొకేషన్ పడేటట్టు ఫొటో తీసి పెట్టుకోండి, గడువు లెక్కకు అది కావాలి.