తిరుపతి యాత్రికుల కొనుగోలు పాఠాలు – 2: కలంకారీ గుడ్డను చూసి గుర్తుపట్టడం

పోయిన పాఠంలో గోవిందరాజస్వామి గుడి చుట్టూ, గాంధీ రోడ్డులో దొరికే కుంకుమ భరిణెలు, ఇత్తడి దీపాలు, పటాల సంగతి చూశాం. అక్కడ బేరం కుదరకపోయినా పోయేది యాభయ్యో వందో. ఈసారి వేలు పెట్టి కొనే వస్తువు దగ్గరికి వద్దాం. తిరుపతికి వచ్చినవాళ్లు పేరు విని అడిగేది కలంకారీ అనే బొమ్మల గుడ్డ, చాలామంది సంచిలో పెట్టుకుని వెళ్లేది మాత్రం మిల్లు ప్రింటు. ఈ పాఠం చదివాక ఒక గుడ్డను చేతిలోకి తీసుకుని అది కలంతో గీసిందో, అచ్చు వేసిందో, మిషన్ మీద వచ్చిందో మీ అంతట మీరే తేల్చుకోగలగాలి. అదే ఈ పాఠం లక్ష్యం.

ముందు ఊళ్ల సంగతి. ఆంధ్రాలో కలంకారీ రెండు రకాలు. మచిలీపట్నం, పెడన వైపు చెక్క అచ్చులతో అద్దుతారు. మన శ్రీకాళహస్తిలో వెదురు కలంతో చేత్తో గీస్తారు. రెండింటికీ భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది, రెండూ మంచి పనులే. కానీ ధర ఒకటి కాదు, పట్టే శ్రమా ఒకటి కాదు. అచ్చు గుడ్డను కలం గుడ్డ ధరకు కొంటేనే మోసపోయినట్టు.

శ్రీకాళహస్తి తిరుపతికి నలభై కిలోమీటర్ల లోపే. ఆర్టీసీ బస్సులు వరుసగా ఉంటాయి, ఊళ్లోవాళ్లు కాళాస్త్రి అంటారు. తిరుమల దర్శనం అయ్యాక రాహుకేతు పూజకు అక్కడికి వెళ్లేవాళ్లు ఎంతోమంది. పూజ అయ్యీ అవకముందే తిరుగు ప్రయాణం పెట్టుకోకండి. కొనాలనుకుంటే ఒక పూట దానికే ఉంచుకోండి. కారు డ్రైవరు తనంతట తాను ఆపిన షాపులో మొదట కొనవద్దు, ఆ రేటులో కమీషన్ కలిసి ఉండొచ్చు. గుడి బయట ఎవరినైనా "అన్నా, కలంకారీ ఇంట్లో కూర్చొని వేసేవాళ్లు ఎక్కడుంటారు?" అని అడిగితే దారి చెబుతారు. అంత దూరం వెళ్లే తీరిక లేకపోతే తిరుపతిలో ప్రభుత్వ హస్తకళల దుకాణం లేపాక్షి ఉంది. అక్కడ బేరం ఉండదు, బిల్లు ఉంటుంది. కొనకపోయినా ఒకసారి లోపలికి వెళ్లి చూస్తే అసలు గుడ్డ ఎలా ఉంటుందో కంటికి అలవాటవుతుంది.

గుడ్డ ఎలా తయారవుతుందో తెలిస్తే పరీక్ష సగం అయిపోయినట్టే. అందుకే ఇక్కడ కాస్త ఆగుదాం.

ముతక నూలు గుడ్డను ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో నానబెట్టి ఎండబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు గుడ్డ మీద పాకకుండా గీసిన చోటే నిలుస్తుంది. తర్వాత చింతబరికె కాల్చిన బొగ్గుతో బొమ్మ గీస్తారు. దానిమీద కలంతో నల్ల గీతలు వేస్తారు. కలం అంటే మొన చెక్కిన వెదురు పుల్ల. మొనకు కాస్త పైన ఉన్నిగానీ గుడ్డగానీ చుట్టి దారంతో బిగిస్తారు. అది రంగు పీల్చుకుంటుంది, వేళ్లతో నొక్కే కొద్దీ మొనలోకి దిగుతుంది. ఇక నలుపు ఎలా వస్తుందంటే, బెల్లం నీళ్లలో పాత ఇనుప ముక్కలు వేసి రోజుల తరబడి ఊరబెడతారు. ఆ నీళ్లు గుడ్డలో ఉన్న కరక్కాయ వగరును తాకగానే నల్లబడతాయి. అందుకే ఆ నలుపు పైపైన పూసినట్టు ఉండదు, నూలులోకి దిగి ఉంటుంది.

ఎరుపు ఇంకా ఓపిక పని. ఎక్కడ ఎరుపు కావాలో అక్కడ పటిక నీళ్లు రాస్తారు. తర్వాత గుడ్డను ఎర్ర రంగునిచ్చే వేర్లు, చెక్కలు వేసిన నీళ్లలో ఉడికిస్తారు. పటిక తగిలిన చోటే ఎరుపు పట్టి నిలుస్తుంది. పసుపుకు కరక్కపువ్వు లాంటివి, నీలానికి నీలిమందు, ఆకుపచ్చ కావాలంటే పసుపు మీద నీలం. ప్రతి రంగుకూ మధ్యలో పారే నీళ్లలో ఉతకడం, ఎండబెట్టడం. కాళహస్తి పక్కన పారే స్వర్ణముఖి నది ఒడ్డున ఈ పని ఊరుకే కుదురుకోలేదు.

ఇంత పని రోజు, రెండ్రోజుల్లో అయ్యేది కాదు. పురాణ కథ నిండుగా ఉన్న పెద్ద తెరకు నెలలు కూడా పడతాయి. ఇది గుర్తుంటే మూడు నాలుగు వందలకు "ఒరిజినల్ పెన్ కలంకారీ చీర" అన్నప్పుడు ఏమనుకోవాలో మీకే తెలుస్తుంది.

ఇప్పుడు గుడ్డ చేతిలోకి తీసుకోండి.

మొదట తిరగేసి చూడండి. వెనక వైపు తెల్లగా, బొమ్మ నీడలా మాత్రమే ఉంటే అది పైన వేసిన ప్రింటు. ఉడికించి ఉతికిన గుడ్డలో రంగు వెనక్కి బాగా దిగి ఉంటుంది. వేలితో ముట్టుకుంటే రంగు ఉన్న చోట రబ్బరు పొరలా తగిలినా ప్రింటే. అయితే సహజ రంగులతో అద్దిన అచ్చు గుడ్డలో కూడా రంగు వెనక్కి దిగుతుంది, కాబట్టి ఈ ఒక్క పరీక్షతో ఆగవద్దు.

తర్వాత గుడ్డ అంచు చూడండి. మిల్లు ప్రింటుకు చాలాసార్లు అంచు పట్టీ మీద వరుసగా రంగు చుక్కలు ఉంటాయి, ఏయే రంగులు వాడారో చెప్పే గుర్తులు అవి. చేతి పనికి అవి ఉండవు.

అన్నిటికంటే నమ్మకమైనది జంట పరీక్ష. గుడ్డలో ఒకేలాంటి రెండు నెమళ్లో రెండు పువ్వులో వెతకండి. వాటి కళ్లు, ముక్కు, ఈకల గీతలు ఒక్కొక్కటిగా పోల్చండి. కొందరు ఒకే కొలత రావడానికి బొమ్మను ట్రేస్ చేసుకుంటారు కాబట్టి పరిమాణం ఒకటే ఉన్నా కంగారు పడొద్దు, సన్న గీతలు చూడండి. చేత్తో గీస్తే రెండు ఈకలు అచ్చంగా ఒకేలా రావు. కలం గీత మొదలైన చోట కాస్త లావుగా, పోను పోను సన్నబడి, మళ్లీ రంగు దిగిన చోట ముదురుగా ఉంటుంది. ఈ హెచ్చుతగ్గులు లోపం కాదు, మీరు డబ్బిచ్చేది వాటికే.

మధ్యరకం ఒకటుంది, ఎక్కువమంది ఇక్కడే పడతారు. నల్ల గీతలు స్క్రీన్ ప్రింటుతోనో అచ్చుతోనో వేసి, లోపల రంగు మాత్రం చేత్తో నింపుతారు. "హ్యాండ్ పెయింటెడ్" అని అమ్ముతారు, అది అబద్ధం కూడా కాదు. రెండు బొమ్మల్లో గీతలు అచ్చంగా ఒకటే ఉండి, రంగు నింపడంలో మాత్రం తేడా ఉంటే ఇదే రకం. నచ్చితే కొనండి, కలం పని ధర మాత్రం ఇవ్వకండి.

రంగుల విషయం వేరే. ఇప్పుడు పట్టు మీద, నూలు మీద కెమికల్ రంగులతో కలం పని చేసేవాళ్లు చాలామంది. గీత చేతిదే, రంగు మార్కెట్‌ది. మెరిసే గులాబీ, నియాన్ ఆకుపచ్చ కనిపిస్తే ఆ రకమే. అలాంటి చీరల మీదే ఎన్నో ఇళ్లు బతుకుతున్నాయి, తక్కువ చేసి మాట్లాడాల్సిన పని కాదు. అమ్మేవాళ్లు ఏ రంగో చెప్పి అమ్మాలి, మనం అడిగి కొనాలి.

అందుకే బేరం మొదలుపెట్టే ముందు మూడు ప్రశ్నలు: "అక్కా, ఇది మీ ఇంట్లోనే వేశారా? గీత కలంతోనా, అచ్చుతోనా? రంగు చెట్ల రంగా, కెమికలా?" వేసినవాళ్లయితే ఈ ప్రశ్నలకు ముఖం విప్పారుతుంది, ఇంకో నాలుగు గుడ్డలు తీసి చూపిస్తారు. జవాబు దాటేసి "తీస్కోండి సార్, ఫిక్స్‌డ్ రేట్" అంటే మీరూ దాటేసి పక్క షాపుకు వెళ్లొచ్చు.

బేరం గురించి నా మాట సూటిగా చెబుతాను. షాపులో బేరమాడండి, "కడకు ఎంతకిస్తారన్నా?" అని అడగడంలో తప్పు లేదు. పనివాళ్ల ఇంటి గడపలో మాత్రం సగానికి సగం అడగొద్దు. మధ్యవర్తి లేకుండా వాళ్లకు పూర్తిగా చేతికందే డబ్బు అదొక్కటే. ధర మీ శక్తికి మించితే చీర వదిలి చిన్న పటమో, జాకెట్టు గుడ్డో అడగండి. 1950లలో, దేశంలో చేతిపనులను నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో కాళహస్తిలో శిక్షణ కేంద్రం రాకముందు ఈ పని కొద్దిమంది చేతుల్లోనే మిగిలింది. ఆ తర్వాత నిలదొక్కుకుంది, 2008లో ఈ ఊరి కళాకారుడు జొన్నలగడ్డ గుర్రప్పశెట్టికి పద్మశ్రీ వచ్చింది. నిలబడిన పని అలాగే సాగాలంటే కూలి గిట్టుబాటు కావాలి.

ఇంటికి తెచ్చాక చల్లటి నీళ్లలో, వేరే బట్టలతో కలపకుండా, కుంకుడుకాయ రసంతో ఉతికి నీడన ఆరేయండి. మొదటి రెండు ఉతుకుల్లో కాస్త రంగు వదిలినా టెన్షన్ పడొద్దు. కొత్త గుడ్డకు పాలు, కరక్కాయ వాసన ఉంటే అది కూడా మెల్లగా పోతుంది.

అభ్యాసం: ఇంట్లో కలంకారీ అని పిలిచే బట్ట ఏదున్నా తీయండి. తిరగేసి చూడండి, అంచు చూడండి, రెండు ఒకేలాంటి బొమ్మలు పోల్చండి. కలం, అచ్చు, మధ్యరకం, మిల్లు ప్రింటు, ఈ నాలుగింటిలో అది ఏ రకమో కాగితం మీద రాసుకోండి, ఎందుకు అనుకున్నారో కూడా రాయండి. తిరుపతి వచ్చినప్పుడు లేపాక్షిలో ఒక అసలు గుడ్డ పక్కన పెట్టి మీ జవాబు సరిచూసుకోండి.

వచ్చే పాఠం ఏర్పేడు దగ్గరి మాధవమాల కొయ్య బొమ్మలు. అంతవరకు ఒక జాగ్రత్త: రోడ్డు మీద ఎవరైనా ఎర్రచందనం బొమ్మ అని చూపిస్తే, ఎంత చవకగా చెప్పినా ముట్టుకోకండి. సరైన కాగితాలు లేకుండా ఎర్రచందనం తీసుకెళ్తే కేసు కొన్నవాళ్ల మీద కూడా పడుతుంది.